27 వరుసల బోర్డు: మా వీధి పబ్బు ల్యాండ్‌లార్డుల జాబితా, ప్రాజెక్టు డైరీ

ఇంగ్లండులోని రెడింగ్ ఊళ్లో మా వీధి చివరి పబ్బును ఇప్పటిదాకా నడిపిన వాళ్ల పేర్లు, ఏళ్లు ఒక చెక్క బోర్డు మీద రాసి లోపలి గోడకు తగిలించాలి. పని ఇంతే. పబ్బు పేరు ఇక్కడ రాయడం లేదు. ఇప్పుడు నడుపుతున్నాయన వద్దన్నాడు, జాబితా చివర్లో బతికున్నవాళ్లూ ఉన్నారు. పేరు లేకపోయినా పద్ధతికి లోటు లేదు. ఇంగ్లండులో ఏ పబ్బు చరిత్ర తవ్వబోయినా దొరికేవి దాదాపు ఇవే కాగితాలు, కాలు పడేవి ఇవే గోతులు.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. మనకు ల్యాండ్‌లార్డ్ అంటే ఇల్లు అద్దెకిచ్చినవాడు. ఇక్కడ పబ్బు నడిపేవాణ్ణి ల్యాండ్‌లార్డ్ అంటారు, ఆ భవనంలో ఒక్క ఇటుక కూడా అతనిది కాకపోయినా సరే. భవనం బీరు కంపెనీది కావచ్చు, లైసెన్సు ఇంకొకరి పేర ఉండవచ్చు, కౌంటరు వెనక నిలబడేది మూడో మనిషి కావచ్చు. మన దగ్గర మద్యం దుకాణాల సంగతి తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. లాటరీలో లైసెన్సు ఒకరికి తగులుతుంది, గల్లా దగ్గర ఇంకొకరు కూర్చుంటారు. ఇంత తెలిసి కూడా నాలుగో దశ దాకా ఆ తేడాను పట్టించుకోలేదు. సగం పని రెండుసార్లు చేయడానికి అదే కారణం.

ప్రతి దశ చివరా లెక్క వేశాను. "రుజువైనవి" అంటే ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు కాగితాల్లో కనిపించిన పేర్లు. "ఖాళీ ఏళ్లు" అంటే ఎవరి పేరూ దొరకని ఏళ్లు.

దశ 1: డైరెక్టరీలు

పబ్బు పక్కగోడ మీద నిలువెత్తు అక్షరాలతో "1720 నుంచి" అని ఉంది. దాన్ని నమ్మి మొదలుపెట్టాను.

19వ శతాబ్దంలో పిగాట్, కెల్లీ వంటి సంస్థలు ఊరూరా వ్యాపారుల పేర్లతో డైరెక్టరీలు అచ్చు వేసేవి. లెస్టర్ విశ్వవిద్యాలయం వాటిలో చాలావాటిని స్కాన్ చేసి ఉచితంగా అందుబాటులో ఉంచింది. పబ్బు పేరుతో వెతికితే 17 పేర్లు దొరికాయి. ఆ ఊపులో చెక్క కూడా కొనేశాను: 18 మి.మీ. మందం బర్చ్ ప్లైవుడ్, 600 × 900 మి.మీ. కోయించి తెచ్చాను. ఇంకా ఒక్క పేరూ రుజువు కాకముందే.

తర్వాతి శనివారం వీధి పేర్లు సరిచూస్తే, 17లో 11 పేర్లు మా పబ్బువి కావు. అదే పేరుతో ఊళ్లో ఇంకో వీధిలో ఒక పాత పబ్బు ఉండేది, ఆ పదకొండు మందీ దానివాళ్లు. మిగిలింది 6.

మా పబ్బు ఎందుకు కనిపించలేదంటే, అది మొదట పూర్తి స్థాయి పబ్బు కాదు, బీరు ఇల్లు. 1830 నాటి బీరు చట్టం ప్రకారం, పన్ను కట్టే గృహస్థు ఎవరైనా ఎక్సైజు వారికి రెండు గినీలు (ఆనాటి ఇంగ్లీషు డబ్బు) చెల్లించి తన ఇంట్లోనే బీరు అమ్ముకోవచ్చు. మేజిస్ట్రేట్ల అనుమతి అక్కర్లేదు. అలాంటి వాళ్లను డైరెక్టరీలు ప్రధాన పబ్బుల జాబితాలో చేర్చవు. "బీరు చిల్లర వ్యాపారులు" అనే శీర్షిక కింద మనిషి పేరు, వీధి పేరు మాత్రం ఇస్తాయి. పబ్బు పేరుతో వందేళ్లు వెతికినా దొరకరు.

తిరిగి చేసిన పద్ధతి:

1. పబ్బు పేరు పక్కన పెట్టి, వీధి పేరుతో బీరు చిల్లర వ్యాపారుల జాబితా చదవాలి.
2. దొరికిన ప్రతి పేరుకూ డైరెక్టరీ ఏడాదిని కాకుండా "ఆ ఏడాదికి ముందు" అని రాసుకోవాలి. సమాచారం సేకరించి అచ్చు వేసేసరికి ఏడాది గడిచిపోతుంది. ఈలోగా మనిషి మారిపోవచ్చు, పోనూవచ్చు.
3. ఒకే పేరుతో ఊళ్లో ఎన్ని పబ్బులున్నాయో మొదటి రోజే లెక్కపెట్టుకోవాలి.

ఇలా మరో 5 పేర్లు వచ్చాయి.

*లెక్క: పేర్లు 11. రుజువైనవి 0. ఖాళీ ఏళ్లు 96. ఖర్చు 31 పౌండ్లు, అంతా చెక్కకే.*

దశ 2: జనాభా లెక్కలు

1841 నుంచి 1921 దాకా ప్రతి పదేళ్లకు ఇంటింటి వివరాలు చూడవచ్చు. 1931 నాటి కాగితాలు 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల లెక్కలే తీయలేదు. ఆ లోటును కొంతవరకు పూడ్చేది 1939 సెప్టెంబరు 29 నాటి ఇంటింటి జనం వివరాల రిజిస్టరు. నెల చందా 14 పౌండ్లు కట్టి, 30 రోజుల్లో ముగించాలని పట్టు పట్టాను.

మొదటి పొరపాటు ఇంటి నంబరు. 1881లో ఇప్పటి నంబరుతో వెతికితే చెప్పులు కుట్టేవాడు కనిపించాడు. చెప్పులు కుడుతూ బీరు అమ్మాడేమో అనుకుని ఒక సాయంత్రమంతా అతని కుటుంబం వెంట పడ్డాను. తీరా చూస్తే ఆ మధ్యలో వీధికి కొత్త నంబర్లు వేశారు. పాత లెక్కలో మా పబ్బు మూలమలుపు ఇల్లు, చెప్పులవాడు నాలుగిళ్ల అవతల.

దీనికి మందు మ్యాపు. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ వెబ్‌సైటులో ఇంగ్లండు పాత మ్యాపులు కూడా ఉచితమే. మైలుకు 25 అంగుళాల స్కేలు ఉన్నది తెరిచాను. పబ్బుకు "పి.హెచ్.", బీరు ఇంటికి "బి.హెచ్." అని గుర్తు ఉంటుంది. మలుపును ఆనవాలుగా పెట్టుకుని, లెక్కలు తీసిన మనిషి ఏ వైపు నుంచి నడిచాడో ఇరుగుపొరుగు పేర్లను బట్టి ఊహించి, ఒక్కో ఇల్లూ లెక్కపెట్టుకుంటూ వెళ్లాలి. విసుగు పుట్టించే పని, కానీ పొరపాటు రాదు.

రెండో పొరపాటు వయసు. 1841లో బీరు అమ్మే మనిషి వయసు 45. 1851లో అదే పేరు, వయసు 59. పదేళ్లలో పద్నాలుగేళ్లు పెరిగేవాడుండడు కదా, ఇద్దరు వేరే మనుషులని రెండు వరుసలు రాసుకున్నాను. 1841లో పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును అయిదు గుణిజానికి కిందికి దించి రాయమన్నారని తర్వాత చదివాను. అసలు వయసు 49 అయినా 45 అనే పడుతుంది. ఇద్దరూ ఒకడే. నాలుగు కొత్త పేర్లలో ఒకటి పోయి మూడు మిగిలాయి.

ఈ దశలో తెలిసిన ముఖ్య విషయం, బీరు ఒక్కటే బతుకుదెరువైనవాళ్లు తక్కువ. మా జాబితాలో వడ్రంగి ఉన్నాడు, బొగ్గు అమ్మినవాడు ఉన్నాడు, కెన్నెట్ నది మీద సరుకు పడవ నడిపినవాడు ఉన్నాడు. 20వ శతాబ్దంలోనూ ఇది పోలేదు. ఓల్డ్‌హామ్ దగ్గర హాలిన్‌వుడ్‌లో "హెల్ప్ ది పూర్ స్ట్రగ్లర్" అనే పబ్బు నడిపిన ఆల్బర్ట్ పియర్‌పాయింట్ రెండో వృత్తి ఉరి తీయడం. తన పబ్బుకు వచ్చి తనతో గొంతు కలిపి పాడిన జేమ్స్ కార్బిట్‌ను 1950 నవంబరులో స్ట్రేంజ్‌వేస్ జైల్లో ఆయనే ఉరి తీయాల్సి వచ్చింది. మావాళ్లలో అంతటి కథ లేదు. లేకపోవడమే నయం.

*లెక్క: పేర్లు 14. రుజువైనవి 8. ఖాళీ ఏళ్లు 61. ఖర్చు 45 పౌండ్లు.*

దశ 3: లైసెన్సు రిజిస్టర్లు

ఇక ఇంట్లో కూర్చుని చేసేది కాదు. కౌంటీ రికార్డుల కార్యాలయానికి ఒక్కో పూట చొప్పున మూడుసార్లు వెళ్లాను. పెన్సిలు తప్ప పెన్ను లోపలికి రానివ్వరు. ఫోటోలు తీసుకోవడానికి రుసుము కట్టాలి.

వెళ్లే ముందు చట్టాల తేదీలు ఒక చీటీ మీద రాసుకోవాలి. లేకపోతే లేని పుస్తకం కోసం పూటంతా పోతుంది. మొదటిసారి నాకు జరిగింది అదే.

1. 1753 నుంచి 1828 దాకా పబ్బు లైసెన్సుదారుల పేర్లు నమోదు చేసి ఉంచాలనే నియమం ఉండేది. 1828 చట్టంతో అది పోయింది. ఆ తర్వాతి జాబితాలు ఉంటే అదృష్టం.
2. 1830 నుంచి 1869 దాకా బీరు ఇళ్లు ఎక్సైజు చేతిలో ఉన్నాయి. మేజిస్ట్రేట్ల కాగితాల్లో మా పబ్బు కోసం వెతకడం దండగ.
3. 1869లో బీరు ఇళ్లు తిరిగి మేజిస్ట్రేట్ల అదుపులోకి వచ్చాయి. 1872 చట్టం తర్వాతి రిజిస్టర్లు దొరికితే పంట పండినట్టే.

1870ల నాటి రిజిస్టరు రెండు చేతులు పట్టేంత పుస్తకం. తోలు అట్ట పొడి రాలుతోంది, దాన్ని నురుగు దిండు మీద ఆనించి ఇచ్చారు. ఒక్కో పబ్బుకు ఒక పేజీ. ఎడమ నుంచి లైసెన్సుదారు, భవనం యజమాని, బదిలీ తేదీ, చివర శిక్షల వివరాలు. మా పేజీ పైన వేరే సిరాతో "1869కి ముందుది" అని రాసి ఉంది. 1869 మే 1 నాటికే లైసెన్సున్న బీరు ఇళ్లను నాలుగు నిర్దిష్ట కారణాలుంటే తప్ప రద్దు చేయకూడదని చట్టం. అందుకే గుమాస్తా ఆ మాట గుర్తుపెట్టుకున్నాడు. నాకు మాత్రం అది పబ్బు జన్మపత్రికలో ఒక ముక్క.

ఆ పేజీల్లో 8 కొత్త పేర్లు దొరికాయి. అన్నీ చిన్న కాలాలు. ఒకాయన అయిదు నెలలు, ఇంకొకాయన ఒక్క ఏడాది. పదేళ్లకోసారి తీసే జనాభా లెక్కలకు, నాలుగైదేళ్లకోసారి వచ్చే డైరెక్టరీలకు ఇలాంటివాళ్లు చిక్కరు. ఆదివారం నిషేధించిన వేళలో బీరు పోసినందుకు జరిమానా కట్టిన ఒకాయన వివరాలు చివరి గడిలో ఎర్ర సిరాతో ఉన్నాయి. మరో నాలుగు నెలల్లో లైసెన్సు చేతులు మారింది.

యజమాని గడి కూడా తప్పక చదవాలి. మొదట్లో అక్కడ మనుషుల పేర్లున్నాయి. తర్వాత సైమండ్స్ అనే బీరు కంపెనీ పేరు వచ్చింది. 1785లో బ్రాడ్ స్ట్రీట్‌లో మొదలైన కంపెనీ అది. బీరు, బిస్కట్లు, మొక్కల దుంపలు అని ఊరు గొప్పగా చెప్పుకునే మూడింటిలో బీరు వాళ్లదే. కంపెనీ చేతికి వచ్చిన దగ్గర నుంచి ల్యాండ్‌లార్డ్ కౌలుదారు లాంటివాడు. భవనానికి అద్దె కట్టాలి, కంపెనీ బీరే కొనాలి.

*లెక్క: పేర్లు 22. రుజువైనవి 15. ఖాళీ ఏళ్లు 24. ఖర్చు 55 పౌండ్లు.*

ఇరవై వరుసలకు కోయించిన చెక్క ఈ దశలోనే పనికిరానిదైపోయింది.

దశ 4: పత్రికలు, ఒక విధవరాలు

రెడింగ్ మెర్క్యురీ 1723లో మొదలైన పత్రిక. పాత సంచికలు స్కాన్ చేసి ఉన్నాయి. నెల చందాకు 20 పౌండ్లు కట్టాను. పబ్బు పేరుతో వెతికితే ఆ పాత పబ్బు వార్తలే కుప్పలుగా వచ్చాయి. దాని వేలం ప్రకటన ఒకటి చదివాక పక్కగోడ మీది 1720 ఎవరిదో అర్థమైంది. ఎవరో ఎప్పుడో రెండు పబ్బుల చరిత్రనూ కలిపేశారు. మన పబ్బుకు నా చేతికి దొరికిన మొదటి కాగితం 1841దని ల్యాండ్‌లార్డుకు చెప్పాను. ఆయన కాసేపు గ్లాసు తుడిచి, "నూట ఇరవై ఏళ్లు తగ్గించేశావు" అన్నాడు.

పేరుతో కాక మనుషుల ఇంటిపేర్లకు వీధి పేరు కలిపి వెతికితే పని జరిగింది. లైసెన్సు బదిలీలు, జరిమానాలు, అనుమానాస్పద మరణాల విచారణలు కనిపించాయి. ఆ రోజుల్లో శవ విచారణ జరిపించడానికి పబ్బు గదే వాడుకునేవాళ్లు. 3 కొత్త పేర్లు దొరికాయి.

అందులో ఒకటి నా జాబితానంతా కదిపేసింది. ఒక విచారణ వార్తలో సాక్షిగా "ల్యాండ్‌లేడీ" అని ఒక ఆవిడ పేరుంది. రిజిస్టరులో ఆ ఏళ్లకు పడవ నడిపే ఆయన పేరుంది, ఆవిడ ఇంటిపేరూ అదే. భార్య అయ్యుండాలి. మొదట ఆవిడను కొత్త మనిషిగా లెక్కేశాను. తర్వాత చర్చి పెళ్లి నమోదులో ఆవిడ పాత ఇంటిపేరు చూశాను. ఆ పేరు అప్పటికే నా జాబితాలో ఉంది, తొమ్మిదేళ్ల ముందు భర్త పోతే లైసెన్సు తన పేరుకు మార్చుకున్న విధవరాలుగా. మళ్లీ పెళ్లి కాగానే లైసెన్సు కొత్త భర్త పేరుకు వెళ్లిపోయింది. ఆయన వారంలో ఎక్కువ రోజులు పడవ మీదే. వార్తలో తలుపు తీసిందీ, దీపం పట్టుకుందీ, మత్తులో ఉన్నవాణ్ణి బయటికి పంపిందీ అన్నీ ఆవిడే. మొదటి భర్త కాలం కూడా కలిపితే కౌంటరు వెనక 31 ఏళ్లు. కాగితం మీద మాత్రం తొమ్మిది.

ఒక పేరు తగ్గింది, కానీ నియమం మార్చాను. లైసెన్సు ఎవరి పేరున ఉంటే వారి వరుస అలాగే ఉంటుంది. నడిపింది వేరే మనిషని కాగితం రుజువు చేస్తే ఆ పేరు కూడా అదే వరుసలో పక్కన రావాలి. ఈ నియమంతో వెనక్కి వెళ్లి మిగతా వరుసలన్నీ మళ్లీ చూశాను. ఇంకో రెండు చోట్ల భార్యల పేర్లు చేరాయి. రెండు వారాలు పట్టింది.

*లెక్క: పేర్లు 24. రుజువైనవి 19. ఖాళీ ఏళ్లు 11. ఖర్చు 75 పౌండ్లు.*

దశ 5: దగ్గరి కాలం

దగ్గరికొచ్చేకొద్దీ సులువవుతుందనుకున్నాను. అది పొరపాటు. 1960లో సైమండ్స్ వెళ్లి కరేజ్ అనే మరో బీరు కంపెనీలో కలిసింది. 1989 నాటి ప్రభుత్వ ఉత్తర్వులు రెండు వేలకు మించి పబ్బులున్న బీరు కంపెనీలను, మించినవాటిలో సగం వదులుకోమన్నాయి. దాంతో బీరు తయారుచేయకుండా పబ్బులు మాత్రమే సొంతం చేసుకునే కంపెనీలు పుట్టుకొచ్చాయి. యజమాని మారిన ప్రతిసారీ కాగితాల పెట్టె ఇల్లు మారుతుంది. 2005 నవంబరు 24 నుంచి లైసెన్సులు మేజిస్ట్రేట్ల నుంచి స్థానిక కౌన్సిళ్లకు మారాయి. ఆవరణకు ఒక లైసెన్సు, మనిషికి ఒక లైసెన్సు విడివిడిగా వచ్చాయి.

ఇక్కడ కాగితం కన్నా నోరు మేలు. మధ్యాహ్నం పూట వచ్చే ముగ్గురు పెద్దవాళ్లను విడివిడిగా కూర్చోబెట్టి అడిగాను. కలిపి కూర్చోబెడితే గట్టిగా మాట్లాడేవాడి జ్ఞాపకమే ముగ్గురిదీ అవుతుంది. ఏళ్లు అడగకూడదు, "మీ పెద్దబ్బాయి పుట్టినప్పుడు ఎవరుండేవారు" అని అడగాలి. 3 పేర్లు వచ్చాయి.

ఒకరు ఇంకా ఊళ్లోనే ఉన్నారు. పేరు వద్దన్నారు, కారణం నేను అడగలేదు. ఆ వరుసలో ఏళ్లు మాత్రమే ఉంటాయి.

*లెక్క: వరుసలు 27. రుజువైనవి 22. ఖాళీ ఏళ్లు 7. ఖర్చు 87 పౌండ్లు. ఈ దశలో పోయిన 12 పౌండ్లూ పెద్దవాళ్ల గ్లాసులకే.*

దశ 6: బోర్డు

పాత చెక్క లెక్క: 900 మి.మీ. ఎత్తులో పైన శీర్షికకు 150, కింద అంచుకు 70 తీసేస్తే 680. అక్షరం ఎత్తు 20, వరుసల మధ్య 14, కలిపి 34. అంటే 20 వరుసలు. 27 పట్టవు. అక్షరం 15కు దించి రెండు నిలువు వరుసలుగా వేద్దామనుకున్నాను. ఏళ్లతో కలిపి అతి పొడవైన వరుస 424 మి.మీ., ముప్పావు చేస్తే 318, రెండు కలిపితే 636. వెడల్పే 600. ఆ చెక్క ఇప్పుడు మా షెడ్డులో అరలా ఉంది.

కొత్త చెక్క 1100 × 750. నిలువున 530 మిగులుతుంది, 15 వరుసలు. రెండు నిలువు వరుసలు 848, ఎడమ కుడి 80 చొప్పున, నడుమ 92. మొత్తం 30 వరుసలు పడతాయి. ముందు ముందు వచ్చేవాళ్లకు మూడు ఖాళీ.

1. అంచులకు పుట్టీ రెండుసార్లు, 240 నంబరు గరుకు కాగితం. ప్లైవుడ్ అంచు తేమ పీలిస్తే ముందు ఉబ్బేది అక్కడే.
2. ప్రైమర్ ఒక పూత, నల్ల రంగు మూడు పూతలు. పూతకు పూతకు మధ్య ఒక రోజు.
3. దారానికి సుద్ద రాసి గీతలు కొట్టడం.
4. బంగారు రంగు ఎనామెల్, పొడవాటి కుచ్చున్న కుంచె, చెయ్యి ఆనించడానికి కర్ర.

మొదటి వరుసలోనే రంగు అంటుకోకుండా ముత్యాల్లా విడిపోయింది. నిండా వేళ్ల జిడ్డు. తుడిచేసి, మా ఊరి బస్టాండు దగ్గర నలభై ఏళ్లు దుకాణాల బోర్డులు రాసిన బాబాయికి వీడియోలో చూపించాను.

"ఒరేయ్, సుద్దపొడి గుడ్డలో మూట కట్టి చెక్కంతా అద్దు. జిడ్డు అది లాగేస్తుంది. ఆ తర్వాత ఉత్త చేత్తో ముట్టుకోకు."

"సరే బాబాయ్. అక్షరాల మధ్య దూరం కూడా స్కేలుతో కొలిచి పెట్టాను, చూడు."

"స్కేలు ఎందుకురా? రెండు నిలువు గీతలు పక్కపక్కన పడితే దూరం ఎక్కువ కావాలి, రెండు గుండ్రాలైతే తక్కువ. అక్షరం కాదు, మధ్యలో ఖాళీని చూడు."

ఇంగ్లీషు అక్షరాలు ఆయన రాసింది సినిమా హాలు టిక్కెట్ల ధరల బోర్డుల మీదే. అయినా మాట అచ్చంగా సరిపోయింది. కాగితం మీద పూర్తి కొలతకు రాసుకుని, వెనక సుద్ద పూసి చెక్క మీద అచ్చు దింపాను. ఒక్కో వరుసకు 50 నిమిషాలు పట్టింది. రోజుకు మూడు దాటితే చెయ్యి వణికింది. ఫిబ్రవరి చలికి షెడ్డులో రంగు రెండు రోజులైనా ఆరలేదు, బోర్డును వంటింట్లోకి మార్చాను. ఇంట్లోవాళ్లు ఏమన్నారో ఈ డైరీకి అనవసరం.

ప్రారంభ ఏడాది కాగితంలో తేలని ఏడు వరుసలకు ముందు "సుమారు" అని గుర్తు పెట్టాను. ల్యాండ్‌లార్డుకు అది నచ్చలేదు, బోర్డు మీద అనుమానం ఎందుకన్నాడు. ఆ ఒక్క విషయంలో నేను లొంగలేదు. విధవరాలి పేరు రెండు వరుసల్లో వచ్చింది, మొదట ఒంటరిగా, తర్వాత పడవవాడి పక్కన.

తగిలించేటప్పుడు గోడ నిట్టనిలువుగా లేదని తెలిసింది. పై మూల ఆనితే కింద 9 మి.మీ. సందు. పలుచటి చెక్క ముక్కలు రెండు పెట్టి, నాలుగు 60 మి.మీ. మరలతో బిగించాను.

*చివరి లెక్క: వరుసలు 27, అందులో పేరు లేనిది 1. ఖాళీ ఏళ్లు 7. కొత్త చెక్క 54, రంగులు కుంచెలు 46, మొత్తం ఖర్చు 187 పౌండ్లు.*

పక్కగోడ మీది 1720 ఇంకా అలాగే ఉంది. దాన్ని చెరపడానికి పరంజా కట్టాలి, పైకప్పు మరమ్మతు వచ్చినప్పుడు చూద్దామన్నాడు. మిగిలిన బంగారు రంగు డబ్బాను మూత గట్టిగా బిగించి, తలకిందులుగా పెట్టి, కౌంటరు కింద ఉంచి వచ్చాను. మూడు వరుసలకు సరిపోతుంది.